మారుమనస్సు - మా పొలము గట్టు



శ్రమదినములు వచ్చినవంటే మన సంఘములలో ఒక వాడుక ఉన్నది. భస్మ బుధవారము మొదలుకొని నలువది దినములు సాయంకాలపు ప్రార్థనలు, శుక్రవారపు ఉపవాసము, ఇంటింటి కూడికలు. ప్రతి కూడికలోను 51వ కీర్తన చదువుతాము. సండేస్కూలు పిల్లలకు కూడా అది కంఠతా వచ్చును. మేమిద్దరమూ (మేము భార్యాభర్తలము, వ్యవసాయము మీద బ్రతుకుచున్నవారము) ఆ కీర్తనను ముప్పై ఏండ్లకు పైగా చదివాము. కన్నీళ్ళతో చదివిన సంవత్సరములు కూడా ఉన్నవి. అయితే అందులోని మాట మా ఇంటి గుమ్మము దాటి లోపలికి వచ్చి కూర్చున్నది మాత్రము మూడేండ్ల క్రిందటనే.

ఆ సంగతి వ్రాయవలెనా వద్దా అని చాలా రోజులు ఆలోచించాము. పాస్టరు అయ్యగారిని అడిగితే, "పేర్లు వద్దు, ఊరు వద్దు. జరిగినది మాత్రము దాచకుండా వ్రాయండి" అన్నారు. అందుచేత సాహసించి వ్రాయుచున్నాము. మా సంగతికి ముందు దావీదు సంగతి చెప్పవలెను. ఎందుకంటే అతని సంగతి అర్థము కాకపోబట్టే మేము అన్నేండ్లు అట్లా ఉండిపోయాము.

ఆ కీర్తన ఎప్పుడు పుట్టినదో దాని తలకట్టులోనే ఉన్నది. దావీదు బత్షెబ విషయములో పాపము చేసిన తరువాత నాతాను ప్రవక్త అతనియొద్దకు వచ్చిన సందర్భము అది. 2 సమూయేలు 11, 12 అధ్యాయములు ప్రక్కన తెరచి పెట్టుకొని చదివితే గాని కీర్తన బరువు తెలియదు. రాజులు యుద్ధమునకు వెళ్ళు కాలములో ఈ రాజు యెరూషలేములో నిలిచిపోయాడు. మిద్దె మీదనుండి చూచాడు, పిలిపించుకొన్నాడు. ఆమె గర్భవతి అయినదని కబురు వచ్చిన తరువాత ఆమె భర్త ఊరియాను యుద్ధమునుండి రప్పించి ఇంటికి పంపజూచాడు. తోటి సైనికులు బయట పొలములో పడి ఉండగా తాను ఇంటికి వెళ్ళి సుఖపడుట తగదని ఊరియా రాజనగరు వాకిటనే పండుకొన్నాడు. చివరకు రాజు ఊరియా చేతికే ఒక ఉత్తరమిచ్చి సేనాధిపతి దగ్గరకు పంపాడు. తన చావును తానే మోసుకొనిపోయాడు ఆ నమ్మకస్థుడు.

ఆ తరువాత బిడ్డ పుట్టువరకు నెలలు గడిచినవి. అన్ని నెలలూ దావీదు సింహాసనము మీద కూర్చొని ఇతరులకు తీర్పు తీర్చుచునే ఉన్నాడు. ఆరాధన మానినట్లు గాని, నిద్ర పట్టక అరచినట్లు గాని ఆ అధ్యాయములో లేదు. బయటికి అంతా సవ్యముగానే ఉన్నది. ఈ మౌనము మాకు ఇప్పటికీ భయము పుట్టించును.

నాతాను వచ్చి ధర్మశాస్త్రము చదవలేదు. పల్లెటూరి సంగతి ఒకటి చెప్పాడు. మందలు మందలుగా పశువులున్న ధనవంతుడు ఒకడు. ఒక్క చిన్న ఆడ గొఱ్ఱెపిల్ల తప్ప ఏమియు లేని బీదవాడు ఒకడు. ఆ పిల్ల అతని పిల్లలతో పెరిగింది, అతని ముద్దలో ముద్ద తిన్నది, గిన్నెలో త్రాగింది, కూతురువలె కౌగిట పండుకొన్నది. ధనవంతుని ఇంటికి చుట్టము రాగా తన మందను ముట్టక బీదవాని గొఱ్ఱెపిల్లను పట్టి వండించాడు. దావీదునకు కోపము రగిలింది. వాడు చావవలసినవాడే, గొఱ్ఱెపిల్లకు నాలుగంతలు ఇచ్చుకోవలెనని తీర్పు చెప్పాడు. నాలుగంతలు అనునది నిర్గమకాండము 22వ అధ్యాయములోని శాసనము. చూచారా, ఎదుటివాని విషయములో రాజుగారికి ధర్మశాస్త్రము అక్షరము పొల్లు పోకుండా జ్ఞాపకమున్నది!

ఆ మనుష్యుడవు నీవే అని ప్రవక్త చెప్పినప్పుడు దావీదు అతనిని గెంటివేయించలేదు. రాజుకు ఆ అధికారము ఉన్నది. అయినను తప్పు ఒప్పుకొన్నాడు.

కీర్తన ఆరంభములో దావీదు దేవుని కనికరమును అడుగుటకు హెబ్రీ భాషలో మూడు మాటలు వాడాడు. ఒకటి దయచూపుట. రెండవది 'హెసెద్', అంటే నిబంధన చేసినవాడు విడువకుండా చూపే కృప. మూడవది 'రహమీమ్', వాత్సల్యము. ఈ మూడవ మాటకును తల్లి గర్భమునకు ఆ భాషలో వాడు 'రెహెమ్' అను మాటకును మూలము ఒకటే. మన ఇండ్లలో 'కన్నకడుపు' అంటామే, బిడ్డ దెబ్బ తగిలి వస్తే 'కడుపు తరుక్కుపోయింది' అంటామే, ఆ భావము. దావీదు న్యాయాధిపతి దగ్గర శిక్ష తగ్గింపు కోరలేదు, తల్లి కడుపువంటి దానిని ఆశ్రయించాడు. తన తప్పును చెప్పుటకు కూడా అక్కడే మూడు మాటలు వాడాడు. ఒకటి తిరుగుబాటు. ఒకటి గురి తప్పుట. ఇంకొకటి వంకర తిరుగుట. ఆ మూడవ మాటను చదువరులు గుర్తుంచుకోవలెనని మనవి.

10వ వచనములో శుద్ధహృదయము కావలెనని అడుగుచు దావీదు వాడిన క్రియాపదము ఆదికాండము మొదటి వచనములో దేవుడు సృజించెనని చెప్పిన పదమే. పాత గుండెకు అతుకు వేయుమని అతడు అడుగలేదు. లేనిది కలుగజేయుమని అడిగాడు. ఎందుకనగా గొఱ్ఱెపిల్లనైతే నాలుగంతలు తిరిగి ఇవ్వవచ్చును, ఊరియాను ఎక్కడనుండి తెచ్చి ఇవ్వగలడు? బలి అర్పించి బయటపడే పాపము కాదది. 16వ వచనములో అతడే ఆ సంగతి ఒప్పుకొన్నాడు. తిరిగి ఇవ్వలేనివానికి కనికరము తప్ప వేరే దిక్కు లేదు.

ఇంతవరకు మేము ముప్పై ఏండ్లుగా విన్నదే. అయితే 4వ వచనములో దావీదు తన పాపము దేవునికి విరోధమైనదని, ఆయనకే విరోధమైనదని పలుకుచున్నాడు. ఆ మాటను పట్టుకొని మనము ఎంత సులువుగా తప్పించుకొంటామో! "నాకును దేవునికిని మధ్య సంగతి, ఆయనతో సరిచేసుకొన్నాను" అంటాము. దావీదు ఆ మాట అన్నది ఊరియాకు అన్యాయము జరుగలేదని కాదు. ఊరియాకు చేసినది దేవుని ముఖము మీద చేసినదే అని. మేము దానిని తలక్రిందులుగా చదువుకొన్నాము.

మూడేండ్ల క్రిందట మా సంఘములో జరిగిన ఉజ్జీవ కూడికలకు వచ్చిన దైవసేవకుడు రెండవ రాత్రి కొరియా దేశపు సంగతి చెప్పాడు. తరువాత మా అబ్బాయి చేత దానిని గూర్చిన పుస్తకములు తెప్పించుకొని చదివించుకొన్నాము. ఆ సంగతి మన పాఠకులలో కొందరికైనా తెలియకపోవచ్చును గనుక కొంచెము వివరముగా వ్రాస్తాము.

రాబర్ట్ హార్డీ అను కెనడా దేశపు వైద్యుడు మెథడిస్టు మిషనరీగా కొరియాలో వొన్సాన్ అను రేవు పట్టణము దగ్గర పనిచేయుచుండెను. ఏండ్ల తరబడి కష్టపడినను ఫలము కనబడలేదు. 1903లో జరిగిన ఒక ప్రార్థన వారములో ఆ లోపము తనలోనే ఉన్నదని ఆయనకు తోచింది. తోటి మిషనరీల యెదుటనే గాక కొరియా విశ్వాసుల సంఘము యెదుట నిలువబడి తన గర్వమును, హృదయ కాఠిన్యమును, విశ్వాస లోపమును ఒప్పుకొన్నాడు. దొరగారు తమ యెదుట తప్పు ఒప్పుకొనుట ఆ విశ్వాసులు ఎన్నడును చూడలేదు. ఒప్పుకోలు అంటే ఇదా అని వారికి అప్పుడు తెలిసింది.

1906లో న్యూయార్కునుండి హోవర్డ్ ఆగ్న్యూ జాన్‌స్టన్ అను బోధకుడు కొరియాకు వచ్చి వేల్సు దేశములోను, మన ఇండియాలో ఖాసీ కొండలలోను 1905 ప్రాంతమున కలిగిన ఉజ్జీవమును గూర్చి అక్కడివారికి చెప్పాడు. ఈ సంగతి చదివినప్పుడు మాకు ఎంతో సంతోషమైనది. మన దేశపు కొండజాతి క్రైస్తవుల ప్రార్థన సంగతి విని కొరియావారికి ఆకలి పుట్టినదట!

ఆ తరువాత 1907 జనవరి. ప్యాంగ్‌యాంగు పట్టణము. నేడు ఉత్తర కొరియా రాజధాని అయిన పట్టణమే అది. ప్రతి చలికాలము అక్కడ చాంగ్‌దేహ్యోన్ దేవాలయములో పురుషులకు బైబిలు తరగతులు జరిగేవి. వచ్చినవారిలో ఎక్కువమంది మనవంటి పల్లెటూరి రైతులు. మంచులో కాలినడకన, తమ తిండి బియ్యము తామే మోసుకొని వచ్చేవారు. సాయంకాలపు కూడికలకు పదిహేను వందలమంది వరకు మగవారు దేవాలయము నిండిపోయేవారు. స్థలము చాలనందున స్త్రీలు వేరే చోట్ల కూడుకొనేవారు. గ్రాహం లీ అను మిషనరీ అందరూ ప్రార్థించండి అనగానే అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించారు. ఆ తరువాత ఒకరి వెంట ఒకరు లేచి తమ తప్పులు చెప్పసాగారు. ఒక సంఘపెద్ద తన తోటి పెద్దను, విలియం బ్లెయిర్ అను మిషనరీని తాను ద్వేషించానని అందరి యెదుట చెప్పి, ఆ మిషనరీ వైపు తిరిగి క్షమాపణ అడిగాడు. బ్లెయిరు తరువాత ఈ దినముల సంగతి గ్రంథముగా వ్రాశాడు.

మా ఇద్దరినీ పట్టుకొన్నది కిల్ సున్‌జు అను పెద్ద సంగతి. ఆయన అప్పటికే ఆ సంఘములో ఎంతో గౌరవము పొందినవాడు. ఆ యేడే సెప్టెంబరులో అభిషేకము పొందిన మొదటి ఏడుగురు కొరియా ప్రెస్బిటేరియను పాదిరులలో ఆయన ఒకడు. 1919లో కొరియా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకము చేసిన 33 మందిలో కూడా ఒకడు. అట్టివాడు లేచి నేను ఆకానువంటివాడను అన్నాడు. యెహోషువ 7వ అధ్యాయములో దోపుడుసొమ్ము గుడారములో దాచినవాడు ఆకాను. కిల్ స్నేహితుడు ఒకడు చనిపోబోవుచు, నా భార్యకు లెక్కలు తెలియవు, నా ఆస్తి వ్యవహారము నీవు చూడుమని అతనికి అప్పగించాడు. ఆ వ్యవహారము చూచుటలో ఆ విధవరాలి సొమ్ము నూరు డాలర్ల విలువైనది తాను తీసుకొన్నానని ఒప్పుకొన్నాడు. మరునాడు ఉదయముననే ఆ సొమ్ము ఆమెకు తిరిగి ఇచ్చాడు.

దైవసేవకుడు ఆ మాట చెప్పి తరువాతి సంగతికి వెళ్ళిపోయాడు. మేము మాత్రము ఆ విధవరాలి దగ్గరే ఆగిపోయాము. స్త్రీల వైపు ఒకరము, పురుషుల వైపు ఒకరము కూర్చొని ఉన్నాము. తల ఎత్తి ఒకరినొకరము చూచుకొన్నాము. వెంటనే తల దించుకొన్నాము.

మా పొలమునకు తూర్పున మా వదినగారి చెక్క. ఆమె మా పెదనాన్నగారి కోడలు. పెద్దలు పంచుకొన్నప్పుడు ఒకే చెక్కను రెండు చేసి నడుమ గట్టు వేశారు. అన్న చనిపోయేనాటికి ఆమెకు ముప్పై నాలుగేండ్లు, ఇద్దరు ఆడపిల్లలు. మంచము మీద ఉండి అన్న మాతో, "పిల్లలను కాస్త కనిపెట్టి ఉండండి" అన్నాడు. అట్లాగే అన్నాము. ఆమె పొలమును కౌలుకు ఇచ్చింది. కౌలుదారు రెండేండ్లకొకడు మారేవాడు, ఎవనికీ గట్టు పట్టింపు లేదు.

దమ్ముకు ముందు గట్లు చెక్కుట రైతులందరికీ తెలిసినదే. మా వైపు చెక్కిన మట్టిని ఆవలి వైపు వేసి మెత్తేవారము. ఏటా మా వైపు నాలుగు వ్రేళ్ళు తగ్గేది, ఆమె వైపు నాలుగు వ్రేళ్ళు పెరిగేది. నాలుగు వ్రేళ్ళే గదా! గట్టు పొడవు మూడువందల ముప్పై అడుగులు. పదహారేండ్లు ఇట్లా జరిగింది. ఒకసారి పొలమునకు అన్నము తెచ్చినప్పుడు మా ఇద్దరి మధ్య "గట్టు వంకర పోయినట్లున్నది" అను మాట వచ్చింది. ఎవరు అన్నారో ఇప్పుడు వాదించుకోదలచుకోలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అననీయ సప్పీరా అని పిల్లలకు సండేస్కూలులో చెప్పినవారమే మేము. దావీదు పలికిన ఆ మూడవ మాట, వంకర తిరుగుట, మాకు ఆ గట్టు మీదనే కనబడవలసి ఉన్నది, కనబడలేదు.

ఆ పదహారేండ్లలో మాలో ఒకరము సంఘపెద్ద. ఒకరము స్త్రీల సమాజమునకు ట్రెజరరు. కోతపండుగకు దశమభాగము లెక్కగా ఇచ్చేవారము. ఆ బస్తాలలో వదినగారి నేల మీద పండిన వడ్లు కూడా ఉన్నవి. దేవుని మందిరమునకు విధవరాలి సొమ్ము పట్టుకొనిపోయి వేశాము. హద్దురాయి తీసివేయువాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయములో చదివినప్పుడు, రాయి మేము ముట్టలేదు గదా అనుకొన్నాము. నిజమే, రాయి ముట్టలేదు. మట్టి మాత్రమే జరిపాము.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అన్నము తిని పండుకొన్నాము. మూడు రోజులు ఎవరమూ నోరు తెరవలేదు. నాలుగవ రోజున పొలములో ఇద్దరమూ కలిసి త్రాడు వేసి కొలిచాము. నాలుగడుగులు జరిగి ఉన్నది. మూడు సెంట్లు.

అప్పుడు మాకు ఒక ఆలోచన వచ్చింది. దీనిని వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. ఇప్పటినుండి ఏటా వారి వైపు చెక్కి మన వైపు మెత్తితే, పదహారేండ్లలో గట్టు దాని చోటికి అదే వస్తుంది, ఎవరికీ తెలియదు, పరువు పోదు! వ్రాస్తుంటే ఇప్పుడు నవ్వు వస్తున్నది గాని ఆ సాయంకాలము అది దేవుడిచ్చిన జ్ఞానమువలెనే కనబడింది. ప్రార్థన కూడా చేసుకొన్నాము. పదహారేండ్ల తరువాత మా వయస్సెంత, ఆమె వయస్సెంత అని లెక్క వేసేవరకు ఆ జ్ఞానము మమ్ములను విడువలేదు.

చివరకు సంఖ్యాకాండము 5వ అధ్యాయము తెరిచాము. తోటివానికి నష్టము చేసినవాడు తన పాపము ఒప్పుకొని, తీసుకొన్నది పూర్తిగా తిరిగి ఇచ్చి, దానిమీద ఐదవవంతు కలుపవలెనని అక్కడ ఉన్నది. నష్టపడినవాడు చనిపోయి ఉంటే దగ్గరి బంధువునకు, బంధువు కూడా లేకపోతే యాజకుని ద్వారా దేవునికి ఇవ్వవలెనట. తప్పించుకొనేందుకు సందు లేకుండా వ్రాయబడి ఉన్నది. జక్కయ్య అయితే ఐదవవంతుతో ఆగలేదు. తానే ఒప్పుకొన్నవానికి ధర్మశాస్త్రము అడిగినది ఐదవవంతే గదా, అతడు దొంగకు విధించిన నాలుగంతలు తనకు తానే విధించుకొన్నాడు. పైగా ఆస్తిలో సగము బీదలకు. లూకా 19వ అధ్యాయములో ఒక సంగతి గమనించవలెను. నాలుగంతల మాట వచ్చుటకు ముందే ప్రభువు మేడిచెట్టు క్రింద నిలిచి అతనిని పేరు పెట్టి పిలిచి, అతని ఇంట బస చేయుటకు సిద్ధపడ్డాడు. జక్కయ్య డబ్బిచ్చి కనికరము కొనుక్కోలేదు. కనికరము ఇంట్లోకి వచ్చి కూర్చున్న తరువాత దొంగసొమ్ము ఆ ఇంట్లో నిలువలేకపోయింది. ఈ వరుస తారుమారు చేస్తే సువార్త పోతుంది. రెండవది వదిలివేస్తే మారుమనస్సే పోతుంది.

మేము జక్కయ్యలము కాలేకపోయాము. ఐదవవంతు దగ్గరే ఆగాము. మా నేల ఎకరానికి ముప్పై బస్తాల లెక్కన, ఏటేటా పెరిగిన మేరకు సగటు కట్టి చూస్తే ఏడు బస్తాల చిల్లర. ఐదవవంతు కలిపితే ఎనిమిదిన్నర దాటింది. తొమ్మిది బస్తాలు అనుకొన్నాము.

శనివారము సాయంకాలము ఆమె ఇంటికి వెళ్ళాము. అరుగు మీద కూర్చొని చేటలో బియ్యము ఏరుతున్నది. "ఏమయ్యా, చెల్లీ నువ్వూ కలిసి వచ్చారు, ఏదైనా శుభమా?" అన్నది. మేము నిలువబడే చెప్పాము. ఒకరము మొదలుపెడితే ఒకరము ముగించాము. ఆమె చేతులు ఆగలేదు. రాళ్ళు ఏరి ప్రక్కన పడవేస్తూనే ఉన్నది.

"నాకు తెలుసు" అన్నది చివరికి.

"ఎప్పటినుండి వదినా?"

"పెద్దదాని పెళ్ళప్పటినుండి. పొలము అమ్ముదామని కొలిపించాను. రెండు సెంట్లు దగ్గర దగ్గరగా తగ్గింది. అమ్మడము మానుకొని అప్పు చేశాను."

ఆ పెళ్ళి జరిగి అప్పటికి ఆరేండ్లు. ఆ పెళ్ళిలో వడ్డన చేసినది మేమే.

"మరి ఒక్కసారైనా ఎందుకు అడగలేదు అక్కా?"

"అడిగితే? మీరు సంఘపెద్దలు. ఆదివారము కానుకపళ్ళెము పట్టుకొని నా వరుసలోకి వచ్చేది మీరే. అందులో రూపాయి వేసేటప్పుడల్లా నాకు గట్టు గుర్తొచ్చేది. దేవుడిని చూసి వేసేదాన్ని."

మేము ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాము. ఇద్దరమూ ఏడ్చాము. ఆమె ఏడవలేదు. కొంతసేపటికి, "లేవండి, పిల్లలు చూస్తారు" అన్నది. క్షమించమని అడిగాము. "క్షమించానని ఇప్పుడు నోటితో అంటే అబద్ధమవుతుంది. ముందు గట్టు వేయండి. చూద్దాం" అన్నది.

ప్రియులారా, క్షమాపణ చేతిలో పట్టుకొని ఇంటికి వెళ్ళవచ్చుననుకొని వెళ్ళాము. ఆమె దగ్గర అప్పటికి అది లేదు. ఉండి తీరవలెనని అడిగే హక్కు మాకు లేదు. దేవుడు వెంటనే క్షమిస్తాడు గనుక మనుష్యులు కూడా ఆ పూటకే క్షమించవలెనని, లేకపోతే వారే పాపులని కొందరు బోధిస్తారు. ఆ బోధ గట్టు జరిపినవానికి అనుకూలముగా ఉంటుంది. పదహారేండ్లు మేము తీసుకొన్నాము. ఆమె ఎన్నాళ్ళు తీసుకొన్నా అది ఆమె ఇష్టము.

మరుసటి వారము పాస్టరు అయ్యగారి యెదుట, ఇద్దరు పెద్దల యెదుట సర్వేయరుచేత కొలిపించాము. హద్దురాళ్ళు రెండూ తుమ్మమొదళ్ళ క్రింద భద్రముగానే ఉన్నవి. రాయినుండి రాయికి త్రాడు లాగితే మా వరిమడిలోనుండి వచ్చింది. పాత గట్టు పగలగొట్టి కొత్తది వేయుటకు గడ్డపార, పార పట్టుకొని రెండు రోజులు పనిచేశాము. కూలీలను పెట్టలేదు. దారిన పోయేవారు ఆగి అడిగేవారు. "ఆమె కేసు వేస్తానన్నదట, అందుకే" అని ఊరిలో ఒక మాట పుట్టింది. దానిని సరిచేయుటకు కూడా ఒక్కొక్క ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. తొమ్మిది బస్తాలు బండి మీద తీసుకొనిపోయి ఆమె ఇంట దించాము. ఆమె రెండవ బస్తా మూతి విప్పి వడ్లు చూచి మళ్ళీ కట్టింది. ఆ ఆదివారము ఆరాధనలో నిలువబడి చెప్పాము. పెద్దరికము, ట్రెజరరు పని రెండూ వదులుకొన్నాము.

ఆ తరువాత మా సంఘములో గొప్ప ఉజ్జీవము వచ్చినదని వ్రాయగలిగితే ఎంత బాగుండును! ప్యాంగ్‌యాంగులోవలె ఏమియు జరుగలేదు. ఒక సహోదరుడు నాలుగేండ్ల క్రిందట అరువు తెచ్చుకొన్న మందు కొట్టే డబ్బా ప్రక్కింటివారికి తిరిగి ఇచ్చాడు. వారు దాని మాటే మరచిపోయారట. ఒక అక్క రాత్రివేళ వచ్చి తన అత్తగారి కమ్మల సంగతి మాతో చెప్పుకొని వెళ్ళింది. ఆమె అత్తగారు లేరు, ఆడపడుచు ఉన్నది. సంఖ్యాకాండములోని మాట ఆమెకు చూపించాము. ఇంతే మాకు తెలిసినది.

మాలో ఏమి మారినదని కొందరు అడుగుచున్నారు. మేము బాప్తిస్మము పొందిన దినముననే మారుమనస్సు పొందాము, అది అయిపోయిన పని అనుకొని ఉంటిమి. 1517లో మార్టిన్ లూథరు ప్రకటించిన 95 అంశములలో మొట్టమొదటిదే విశ్వాసి బ్రతుకంతయు మారుమనస్సుగా ఉండవలెనన్న అర్థముతో ఉన్నదని పాస్టరు అయ్యగారు చెప్పారు. ఇప్పుడు ప్రతి రాత్రి ప్రార్థనకు ముందు ఆ దినము ఎవరికి ఏమి బాకీ పడ్డామో ఒకరినొకరము అడుగుకొంటాము. కూలి సరిగా ఇచ్చామా, తూకము సరిగా వేశామా, ఎవరినైనా మాట అన్నామా. కొన్ని రాత్రులు జవాబు చెప్పుట కష్టము. ఇంతకు ముందు ప్రార్థన పొడవుగా ఉండేది, నిద్ర మాత్రము పట్టేది కాదు. దావీదు 12వ వచనములో తిరిగి ఇమ్మని అడిగిన ఆనందము ఏదో, పాత గట్టు పగిలిన సాయంకాలము కాలువలో కాళ్ళు కడుగుకొనుచు మాకు కొంచెము తెలిసింది. ఊరిలో పరువు పోయిన దినము కూడా అదే.

వదినగారు ఆదివారము మమ్ములను చూచి తల ఊపేది. పలుకరించేది కాదు. మొదటి యేడు అట్లా గడిచింది. రెండవ యేడు వేసవిలో మా ఇంట జబ్బు చేసినప్పుడు వాకిట నిలిచి ఎట్లా ఉన్నదని అడిగి వెళ్ళింది, లోపలికి రాలేదు. పోయిన వర్షాకాలము కౌలుదారును మాన్పించి, చిన్నల్లునిచేత తానే సాగు చేయించుకొన్నది. కొత్త గట్టు మీద ఆ చివరినుండి ఈ చివరి వరకు కంది గింజలు నాటించింది.

మొన్న జనవరిలో ఆ కంది కాచింది. ఒక సాయంకాలము ఆమె మనుమడు బుట్ట నిండ పచ్చి కందికాయలు తెచ్చి, "అమ్మమ్మ ఇమ్మంది" అని గుమ్మములో పెట్టి పరుగెత్తిపోయాడు. ఉప్పు వేసి ఉడకబెట్టుకొని తిన్నాము. బుట్ట ఇంకా మా ఇంట్లోనే ఉన్నది. ఖాళీ బుట్ట తిరిగి పంపుట మన ఇండ్లలో వాడుక కాదు గదా. వచ్చే ఆదివారము ఆరాధన అయిన తరువాత వేరుశనగకాయలు, బెల్లము వేసి ఇద్దరమూ తీసుకొని వెళ్ళుచున్నాము.